ఇండ్లు అద్దెకిచ్చిన పీట

నేను ఒక ముక్కాలి పీటను. మూడు కాళ్ళు అనగానే చాలామంది ముఖాల్లో జాలి కనిపిస్తుంది, నాలుగోది ఎక్కడో పోగొట్టుకున్నానన్నట్టు. ముందుగా ఆ జాలి సంగతి తేల్చుకుందాం. నాలుగు కాళ్ళ కుర్చీని ఎగుడుదిగుడు నేల మీద వేసి చూడండి, టకటకలాడుతుంది. దాని కాలి కింద మడిచిన కాగితమో చిల్లపెంకో దోపాలి. నా కింద ఈ ముప్పై రెండేళ్ళలో ఎవరూ ఏమీ దోపలేదు. మూడు కాళ్ళున్నది ఎలాంటి నేల మీదైనా కుదురుగా నిలబడుతుంది. ఇక రెండు కాళ్ళవాళ్ళ సంగతంటారా, ఈ కథంతా వాళ్ళు తూలిపడడం గురించే.

హోసూరు దాటి డెంకణికోట వైపు పోతే, అడవి మొదలయ్యే ముందు మేకలదొడ్డి అనే ఊరుంది. తమిళనాడులో ఉన్న తెలుగు ఊరు. బస్సు మీద పేరు తమిళంలో ఉంటుంది, పక్క ఊరి సంతలో బేరాలు కన్నడంలో సాగుతాయి, ఊళ్ళోకి దిగాక మాత్రం కుక్కను అదిలించేది కూడా తెలుగులోనే. ఆ ఊరి చివర ఒక ఎస్టేటు. ఎస్టేటు అన్నానని మరీ పెద్దగా ఊహించుకోకండి. కొంత చింత, కొంత పనస, కొంత రాగి చేను, మధ్యలో ఒక పెద్దిల్లు, ఆ ఇంటికి పోయే బాటకు రెండు పక్కలా పదకొండు పెంకుటిళ్ళు. రాతి గోడలు, ముందు అరుగు, వెనక పొయ్యిల్లు. ఎస్టేటులో పనిచేసేవాళ్ళ కోసం ఎప్పుడో కట్టించిన ఇళ్ళు అవి.

వాటిలో నాలుగో ఇంటికి తలుపు చేయగా మిగిలిన పనస చెక్కే నేను. ముద్దాచారి అనే వడ్రంగి ఆ తలుపు మీద ఎనిమిది రోజులు కూర్చున్నాడు, నన్ను మాత్రం ఒక మధ్యాహ్నం భోజనానికీ కాఫీకీ మధ్యలో పూర్తిచేశాడు. రెండు కాళ్ళకు పనస సరిపోయింది. మూడో కాలికి చెక్క చాలక చింతకొమ్మ చెక్కి బిగించాడు. నా స్వభావంలో కొంచెం పులుపు తగిలితే ఆ కాలిని అనండి, నన్ను కాదు.

మొదట నన్ను పాలు పితికే గౌరక్కకు ఇచ్చారు. గౌరక్క మంచిదే, ఆవు మంచిది కాదు. తన్నులు తినడం నాకు అక్కడే అలవాటైంది. ఆవులను అమ్మేశాక వంటింట్లోకి చేరి, కొబ్బరి తురిమేవాళ్ళ కింద కొన్నాళ్ళున్నాను. ఆ తరువాత శనివారం శనివారం ఊళ్ళోకి వచ్చే మంగలి సుబ్బరాయుడు నన్ను అరువు తీసుకున్నాడు. కత్తి మెడ మీదికి రాగానే మీసాలు మెలేసిన మగవాళ్ళు కూడా నా మీద ఎలా బిగుసుకుపోయేవాళ్ళో నాకే తెలుసు. ఊళ్ళో వాళ్ళ పరువు కాపాడడానికి ఇంతవరకూ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. సుబ్బరాయుడు హోసూరులో కరెంటు కుర్చీ కొన్నాక నేను మళ్ళీ పెద్దింటికి వచ్చాను.

పెద్దింట్లో ఉండేది తిరువేంగడమ్మ. ఆ పేరు రేషను కార్డులో తప్ప ఇంకెక్కడా లేదు, ఊరంతా అమ్మణ్ణి అంటారు. నేను పుట్టకముందే ఆమె ఆ ఇంటికి కోడలుగా వచ్చింది. భర్త పోయాక ఎస్టేటు తానే చూసుకుంటోంది. సన్నటి మనిషి, కంచుగొంతు. ఆమె అరుగు మీద నిలబడి కాకిని తిడితే బాట చివరి పదకొండో ఇంట్లో కోడి సర్దుకొని కూర్చునేది. ఆమెకు కుడిచేయి గుర్రప్ప మేస్త్రీ. అమ్మణ్ణి ఏం చెప్పినా ముందు చేసి, తరువాత ఆలోచించేవాడు.

గుట్టకు అవతల ఇంకో ఎస్టేటు ఉండేది. దాని యజమాని తన పనివాళ్ళ ఇళ్ళకు సున్నం కొట్టించి, బెంగళూరు నుంచి సెలవులకు వచ్చేవాళ్ళకు అద్దెకిచ్చాడు. శనివారం కార్లు వచ్చేవి, ఆదివారం పోయేవి. మిగిలిన ఐదు రోజులూ తాళాలు. పిల్లలు లేక అక్కడి తెలుగు బడి మూతపడింది. బడి లేదని మిగిలిన నాలుగు కాపురాలూ లేచిపోయాయి. ఒకరోజు అమ్మణ్ణి పెట్టకోడి కొనడానికి అక్కడికి వెళ్ళి, వరసగా పన్నెండు తలుపులు తట్టింది. పన్నెండో తలుపు తీసిన కుర్రదాని చెవుల్లో ఏవో పెట్టి ఉన్నాయి. అమ్మణ్ణి కోడి అడిగితే ఆ పిల్ల లోపలికి పోయి మంచినీళ్ళ సీసా తెచ్చి ఇచ్చింది. ఆ సీసా చేత్తో పట్టుకుని ఇంటికి వచ్చిన రోజు అమ్మణ్ణి భోజనం చేయలేదు.

మరునాడు గుర్రప్పను పిలిచి చెప్పింది.

"మన ఇండ్లు యాడాది పొడుగునా పొయ్యి రాజేసేవాళ్ళకే. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళకే. పిల్లోళ్ళుంటే మన బడికే పంపల. ఎవురొచ్చి ఎంతిస్తామన్నా ఇదే మాట."

"సరే అమ్మణ్ణీ," అన్నాడు గుర్రప్ప. తరువాత ఆలోచించి, "తెలుగోళ్ళా కాదా అని ఎట్ల తెలుసుకునేది?" అని అడిగాడు.

ఆ ప్రశ్నకు అప్పట్లో ఆమె దగ్గర జవాబు లేదు. ఆ లోటు ఒక పెద్దమనిషికి బాగా కలిసొచ్చింది. టీవీలో వార్తలు చదివేవాళ్ళ తెలుగు మాట్లాడుతూ వచ్చి, తన తాతముత్తాతల గురించి కళ్ళు తుడుచుకుంటూ చెప్పి, ఐదో ఇల్లు తీసుకున్నాడు. నెల తిరగకముందే అరుగు మీద నీలం దీపాలు వెలిగాయి, గుమ్మానికి ఇంగ్లీషు బోర్డు వేలాడింది, శనివారానికి కార్లు దిగాయి. అతన్ని ఖాళీ చేయించడానికి ఏడాది పట్టింది. అందులో ఆరు నెలలు అతను అదే అందమైన తెలుగులో రేపు వెళ్ళిపోతానని చెబుతూనే ఉన్నాడు.

ఆ తరువాతే నా దశ తిరిగింది. తిరిగిందో తిరగబడిందో మీరే చెప్పండి. గుర్రప్ప ఒకరోజు పెద్దింట్లో బల్బు మార్చడానికి నా మీద ఎక్కి, దిగాక నన్ను అక్కడే మరిచిపోయాడు. ముంగిలి గుమ్మం నుంచి లోపలికి సరిగ్గా రెండడుగులు. బయట కళ్ళు మిరుమిట్లు గొలిపే ఎండ, లోపల చీకటి, మధ్యలో నేను. పదేళ్ళుగా అమ్మణ్ణితో తేనె పూసినట్టు తెలుగు మాట్లాడే ఒక బ్రోకరు గబగబా లోపలికి వచ్చాడు. అతని బొటనవేలు నా కాలికి తగిలింది. అంతే, అతని నోటి నుంచి కన్నడం ధారగా పారింది. అందులో కామాలు కూడా లేవు.

అతను కుంటుకుంటూ వెళ్ళిపోయాక అమ్మణ్ణి నా వైపు చాలాసేపు చూసింది. ఒక మనిషి నన్ను అంత శ్రద్ధగా చూడడం అదే మొదలు.

"కాలు తగిలినప్పుడు మనిషి అబద్దం ఆడలేడు గుర్రప్పా. పీటను ఈడ్నే ఉండనీ," అంది.

అలా నేను ఉద్యోగంలో చేరాను. ఇల్లు అడగడానికి వచ్చేవాళ్ళు చెప్పులు బయట విడిచి రావాలని నియమం పెట్టారు. పైకి మర్యాద కోసం, లోపల వేళ్ళ కోసం. అమ్మణ్ణి ఎదురుగా ఉయ్యాల బల్ల మీద కూర్చుని "రాండి రాండి, అట్ల వచ్చేయండి" అని చేయి చాపి పిలిచేది. వాళ్ళు ఆమె ముఖం చూస్తూ వచ్చేవాళ్ళు. గుర్రప్ప పసుపు గిన్నె పట్టుకుని తలుపు చాటున సిద్ధంగా ఉండేవాడు. ఇంతమంది కలిసి ఒక మనిషి బొటనవేలి కోసం ఎదురుచూడడం మీరు ఇంకెక్కడా చూసి ఉండరు.

ఇందులో ఒక చిక్కుంది. "అమ్మా" అని తెలుగువాడూ అంటాడు, తమిళుడూ అంటాడు, కన్నడిగుడూ అంటాడు. దెబ్బ తగిలిన క్షణంలో ముగ్గురూ ఒక తల్లి పిల్లలే. అందువల్ల అమ్మణ్ణి మొదటి కేకను లెక్కలోకి తీసుకునేది కాదు. మొదటి కేక అమ్మకు, రెండోది నాకు. ఆ రెండోదాని కోసమే ఆమె చెవి ఒగ్గి కూర్చునేది. పీటను ఏ భాషలో తిడితే అది ఆ మనిషి భాష.

కుప్పం వైపు నుంచి కదిరప్ప అని ఒక రిటైరైన పోస్టుమ్యాను మనవళ్ళను వెంటబెట్టుకుని వచ్చాడు. తగిలింది. "అమ్మా" అన్నాడు. ఆపైన ఒంటికాలి మీద గెంతుతూ, "ఈ పీట ఈడ పెట్టినోళ్ళ నోట్లో మన్ను పొయ్య, వాళ్ళ పొయ్యిలో పిల్లి పండుకోను, వాళ్ళు కూసుంటే లెయ్యలేక, లేస్తే కూసోలేక పోను" అని మూడు విడతలుగా తిట్టాడు. ఆ పెట్టినవాళ్ళు ఎదురుగా ఉయ్యాల బల్ల మీద కూర్చుని ఆనందంతో మెరిసిపోతున్నారు. మూడో ఇల్లు ఆయనకే వెళ్ళింది. రెండో విడత తిట్టు బాగా నచ్చి, అమ్మణ్ణి దాన్ని మళ్ళీ చెప్పించుకుంది కూడా.

ఇంకోసారి బెంగళూరు నుంచి ఒకావిడ వచ్చింది. తగిలాక చిన్నగా మూలిగి, వంగి, నన్ను పక్కకు జరిపి, నాకు "సారీ" చెప్పింది. నా జీవితంలో నాకు సారీ చెప్పిన ఒకే ఒక్క మనిషి. ఆమెకు ఇల్లు దొరకలేదు. మర్యాదస్తులకు ఈ లోకంలో చోటు దొరకడం ఎంత కష్టమో ఆ రోజు తెలుసుకున్నాను.

కొన్నాళ్ళకు నా పేరు హోసూరు టీ అంగళ్ళ దాకా పాకింది. ఒకతను తిట్టు బట్టీపట్టి వచ్చాడు. ఖర్మ కాలి ముందు గడపే తగిలి పడబోయి, అక్కడ తన సొంత భాషలో ఏదో అనేసి, అయినా వెనక్కి తగ్గక, నా దగ్గరికి నడిచివచ్చి, కొలత చూసుకుని కాలితో తన్ని, చేతులు కట్టుకుని పద్యం అప్పజెప్పినట్టు తిట్టాడు. చివర "ధన్యవాదాలు" అన్నాడు. అమ్మణ్ణి అతనికి రెండు గ్లాసుల మజ్జిగ ఇచ్చి పంపించింది.

నవ్వుకుంటే నవ్వుకోండి, తొమ్మిదేళ్ళలో పదకొండు ఇళ్ళూ నిండాయి. ప్రతి ఇంటి వెనకా పొగ లేచేది. బాట మీద పిల్లలు తెలుగులో కొట్టుకునేవాళ్ళు, తెలుగులో చాడీలు చెప్పేవాళ్ళు. వనజాక్షి టీచరు ఒక్కతే నడిపే ఊరి బడిలో హాజరు పిలిస్తే పది గొంతులు పలికేవి. నేను లేకపోతే ఇదంతా జరిగేది కాదని నేను అనను. మీరు అంటే కాదనను.

పోయిన ఏడాది ఏడో ఇంట్లో ఉండే తాపీ పనివాడికి హోసూరులో కంపెనీ పని దొరికింది. పెళ్ళాన్నీ కూతుర్నీ తీసుకుని వెళ్ళిపోయాడు. ఇల్లు ఖాళీ అయింది, బడిలో తొమ్మిది గొంతులు మిగిలాయి. సరిగ్గా అప్పుడే పై నుంచి కాగితం వచ్చింది. శుక్రవారం ఆఫీసరు వచ్చి తలలు లెక్కపెడతాడు, పదికి తగ్గితే బడి మూసేస్తారు. వనజాక్షి టీచరు ఆ కాగితం తీసుకుని పెద్దింటికి వచ్చి చదివి వినిపించింది. అమ్మణ్ణి రెండుసార్లు చదివించుకుంది. ఇద్దరూ పైకి అనలేదు కానీ, ఇద్దరి కళ్ళ ముందూ గుట్ట అవతలి తాళాలే మెదిలాయని నేను చెప్పగలను. బడి పోతే పిల్లలున్న ఇళ్ళు ఏడాదిలో ఖాళీ అవుతాయి. ఆ తరువాత ఎవరున్నా లేకున్నా ఒకటే.

ఆ వారంలో ముగ్గురు వచ్చారు. ఇద్దరికి పిల్లలు లేరు. మూడో ఆయనకు ఉన్నారు కానీ వాళ్ళు హాస్టల్లో చదువుతున్నారు. నాకు మూడు తన్నులు మిగిలాయి.

బుధవారం పొద్దున వనజాక్షి టీచరు ఒక కుటుంబాన్ని వెంటబెట్టుకుని వచ్చింది. సనాతన్ అనే మనిషి, అతని భార్య జెమ్మా, ఆరేళ్ళ కూతురు టికీ. ఒరిస్సా నుంచి వచ్చి రెండేళ్ళుగా పక్కనే ఉన్న రోజాతోటలో ప్లాస్టిక్ పైకప్పుల కింద పూలు కోస్తున్నారు. తోట పక్కనే రేకుల షెడ్డులో కాపురం. ఎండకు రేకులు కాగి, పిల్లకు ఒళ్ళంతా చెమటకాయలు. టీచరు దారిపొడవునా సనాతన్‌కు జాగ్రత్తలు చెప్పింది. గుమ్మం దాటాక రెండడుగుల్లో పీట ఉంటుంది, పక్కగా రావాలి అని. అతను అన్నింటికీ తల ఊపాడు. దేనికైనా తల ఊపుతాడని ఆమెకు అప్పటికి తెలియదు.

చేతులు జోడించి, తల వంచి, నేరుగా వచ్చి నాకు తగిలాడు. ఎముక శబ్దం నాకు వినిపించింది.

"బాపా లో," అన్నాడు.

నేను ఆశ్చర్యపోయాను. ఇన్నేళ్ళలో తగిలినప్పుడు నాన్నను పిలిచినవాడు ఇతనొక్కడే. ఆ తరువాత అతను నన్ను ఏమీ అనలేదు. మళ్ళీ చేతులు జోడించి, నీళ్ళు తిరిగిన కళ్ళతో అమ్మణ్ణికి నమస్కారం పెట్టాడు.

అమ్మణ్ణి టీచరు వైపు చూసింది. "ఏం టీచరమ్మా, నియమం తెలిసి కూడా పిల్చుకొస్తివే."

"ఈయప్పకు వచ్చేది రానిది నాకు తెలుసు అమ్మణ్ణీ. పిల్లను చూడండి. శుక్రారం ఒక్క తల తక్కువైతే బడే ఉండదు."

"తల కాదు టీచరమ్మా నాకు కావల్సింది, నోరు. పిల్ల నీ దగ్గర నేర్చుకుంటాది, సరే. ఇంటికి పోయినాక? పొయ్యి కాడ వాళ్ళమ్మ ఏ మాట మాట్లాడతాది? ఈ పొద్దు ఈ ఇల్లు, రేపు ఇంగో ఇల్లు. ఐదో ఇంట్లో ఏం జరిగిందో నువ్వు చూడలేదా?"

"చూసినాను. ఆయప్ప తెలుగు బాగా వచ్చినోడే గదా అమ్మణ్ణీ."

టీచరు ఆ మాట మెల్లగానే అంది. అయినా తగలవలసిన చోట తగిలింది. అమ్మణ్ణి ముఖం ఎర్రబడింది. గుర్రప్ప తన పసుపు గిన్నెలోకి తొంగిచూడడం మొదలుపెట్టాడు. సనాతన్ ఇద్దరికీ సమానంగా తల ఊపాడు.

"ఇయ్యలేను. ఒకరికి ఒక నియమం, ఇంగొకరికి ఇంగో నియమం నా దగ్గర లేదు. పదండి, మజ్జిగ తాగి పోదురు," అని అమ్మణ్ణి ఉయ్యాల బల్ల మీద నుంచి విసురుగా లేచింది.

తొమ్మిదేళ్ళుగా ఆమె నన్ను చూడకుండానే తప్పుకుని నడిచేది. నిద్రలో నడిచినా తప్పుకునేది. ఆ రోజు కోపంలో ఉంది. పైగా లోపల ఎక్కడో తనకే తన మాట నచ్చలేదని నా అనుమానం. నేరుగా వచ్చి, కుడికాలి బొటనవేలితో, నా ఉద్యోగ జీవితంలోకెల్లా గట్టి దెబ్బ కొట్టింది.

"అమ్మా," అంది.

అందరూ ఆగిపోయారు. రెండోదాని కోసం చెవులు నిక్కబొడుచుకుని నిలబడడం మా అందరికీ అలవాటైపోయింది మరి.

"ఎంద పావి ఇదె ఇంగ వెచ్చాన్," అంది అమ్మణ్ణి.

ఏ పాపి దీన్ని ఇక్కడ పెట్టాడని అర్థం. అది తమిళం. ఎక్కడో నేర్చుకున్న తమిళం కాదు, ఉగ్గుపాలతో వచ్చినది. ఆ పాపి ఎవరో గదిలో అందరికీ తెలుసు.

గుర్రప్ప ఒక అడుగు ముందుకు వేసి, ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇద్దరి వేళ్ళలో ఎవరికి ముందు పసుపు పెట్టాలో అతనికి తోచలేదు. టీచరు గోడ మీద క్యాలెండరు చూసింది. అమ్మణ్ణి కాలు పట్టుకుని నా మీదే చతికిలపడింది. ఏళ్ళ తరబడి ఆ ఇంట్లో ఉండి, తెలుగులో కాపురం చేసి, తెలుగులో కాకిని తిట్టి, తన మాట ఏదో తానే మరిచిపోయింది. ఊరూ మరిచిపోయింది. తాను పెట్టిన పరీక్షలో తానే, తన పనివాళ్ళ ముందు, తప్పింది. నాకు జాలి వేసింది. చాలా వేసింది.

అప్పుడు వాళ్ళమ్మ చెంగు వదిలి టికీ ముందుకు వచ్చింది. వంగి, అమ్మణ్ణి కింద ఉన్న నన్ను అరచేత్తో చెళ్ళున కొట్టింది. ఒకటి కాదు, మూడు.

"అవ్వకే తగుల్తావా నువ్వు? బుద్ధుందా నీకి? ఇంగొకసారి తగిల్తే కాళ్ళిరగ్గొడ్తా చూడు," అని నాకు వేలు చూపించింది. అమ్మణ్ణి వైపు తిరిగి, ఆమె మోకాలి మీద చేయి వేసి, "నువ్వు గమ్మునుండవ్వా. నేను కొట్టేసినా దాన్ని. ఇంగ నీ జోలికి రాదు," అంది.

అన్యాయం చూడండి. తగిలింది ఆమె, తన్నులు నాకు. పసిపిల్ల పడితే నేలను కొట్టి ఊరుకోబెట్టే పద్ధతి ఎవరు కనిపెట్టారో కానీ, నేలతోనూ పీటలతోనూ ఒక్క మాట సంప్రదించలేదు. అయినా ఆ మూడు దెబ్బలు నాకు నొప్పి అనిపించలేదని ఇక్కడ రాసుకుంటున్నాను.

అమ్మణ్ణి ఆ పిల్ల ముఖం చూస్తూ ఉండిపోయింది. "ఈ మాటలు యాడ నేర్చినావే?" అని అడిగింది.

"రోజాతోటలో. నాకు ముల్లు గుచ్చుకుంటే ఆడ పూలు కోసే బుడ్డక్క చెట్టును కొడ్తాది."

"మీ అమ్మకు వస్తాదా తెలుగు?"

"రాదు. నేను చెప్పిస్తా ఉండా. నిన్న చీపురు చెప్పిచ్చినా, ఈ పొద్దు చెంబు," అంది టికీ. జెమ్మా తన సంగతే మాట్లాడుతున్నారని గ్రహించి, గోడ పక్కన ఉన్న రాగి పాత్రను చూపించి, జంకుతూ, "చెంబు," అంది. అది బిందె. ఎవరూ దిద్దలేదు.

అమ్మణ్ణి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి వేలి నొప్పివి కావు.

"నేను ఈ ఇంటికి వచ్చినప్పుడు నాకు ఒక్క మాట రాదు టీచరమ్మా. ధర్మపురి పక్క తమిళోళ్ళ పిల్లను. చాట తెమ్మంటే చెంబు తెచ్చేదాన్ని, చెంబు తెమ్మంటే ఏడ్చేదాన్ని. మా అత్త నా కాళ్ళకు పీట అడ్డం పెట్టలా. చెయ్యి పట్టుకొని లోపలికి పిల్చుకొని పొయ్యి, ఇది చాట, ఇది చెంబు అని చూపించింది. పదేండ్లు చూపించింది. ఒక్కనాడన్నా ఇసుక్కోలా." చెంగుతో కళ్ళు తుడుచుకుని, "ఎవురికీ నేను పది నిమిషాలు గూడా ఇయ్యకపోతిని," అంది.



"గుర్రప్పా, ఆయప్ప కాలికి పసుపు పెట్టు. ముందు ఆయప్పకు. ఏడో ఇంటి తాళంచెవి యాడుంది?"

గుర్రప్ప ఈసారి కూడా ముందు చేసి తరువాత ఆలోచించాడు. తాళంచెవి సనాతన్ చేతిలో పెడితే అతను దానికీ తల ఊపాడు. ఏం జరిగిందో అతనికి తెలియలేదు. టికీ వాళ్ళ మాటలో ఏదో గబగబా చెప్పింది. అప్పుడు జెమ్మా నోటికి చెంగు అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది. సనాతన్ ఒక్కసారి తల ఊపడం మానేసి, నిటారుగా నిలబడి, అమ్మణ్ణిని చూశాడు.

"తెలుగు రావల్సిందే," అంది అమ్మణ్ణి, తనంత తాను మెత్తబడినట్టు ఎవరూ అనుకోకూడదని గొంతు పెంచి. "నియమం నియమమే. కాకుంటే నేర్చుకొని రమ్మనేది తప్పు. వచ్చి నేర్చుకోనీ. దినానికి ఒక మాట, నేనే వచ్చి చెప్పిస్తా. ఈ పీటను మాత్రం నా కంటికి కనపడకుండా యాడన్నా పారేయండి."

నేను అప్పుడు అనుభవించింది మీకు మాటల్లో చెప్పలేను. తొమ్మిదేళ్ళ సేవకు పింఛను సంగతి దేవుడెరుగు, వీడుకోలు సభ కూడా లేదు. గుర్రప్ప నన్ను చంకలో పెట్టుకుని కట్టెల కొట్టు వైపు నడుస్తుంటే వనజాక్షి టీచరు వెనక నుంచి కేకేసింది. బడిలో ఉన్నది ఒకటే బల్ల, దాని మీద తొమ్మిది మందికే ఇరుకు, పదో పిల్లను ఎక్కడ కూర్చోబెట్టేదని.

శుక్రవారం ఆఫీసరు వచ్చాడు. చెమట తుడుచుకుంటూ బల్ల మీద తలలు లెక్కపెట్టాడు. తొమ్మిది. ఆ తరువాత నా వైపు చూశాడు. నూనె రాసి గట్టిగా జడ వేసిన టికీ నా మీద కూర్చుని ఉంది. ఒక మనిషి సావధానంగా నా మీద కూర్చుని ఎన్నేళ్ళయిందో నాకు గుర్తు లేదు. ఎంత హాయిగా ఉంటుందో కూడా మరిచిపోయాను. ఆ పిల్ల బరువు ఒక గంపెడు రోజాలకంటే ఎక్కువ ఉండదు. నా మూడు కాళ్ళూ నేలకు అదిమి పట్టుకుని, ఊపిరి బిగబట్టి ఉన్నాను. కిటికీ బయట అమ్మణ్ణి, వేలికి కట్టుతో, బడి గోడను పరీక్షిస్తున్నట్టు నటిస్తోంది.

ఆఫీసరు రిజిస్టరు చూశాడు, పిల్లను చూశాడు, మళ్ళీ రిజిస్టరు చూశాడు. ఆ పేరు అతనికి కొత్త. టీచరు చేతిలోని సుద్దముక్క రెండుగా విరిగింది.

"నీది ఏ ఊరు పాపా?" అని అడిగాడు. అతనికీ తెలుగు వచ్చు.

టికీ ఆలోచించలేదు. "ఏడో ఇల్లు," అంది.

ఆఫీసరు కలం ఎత్తి పట్టుకుని, "అది సరే, ఏ ఊర్లో ఏడో ఇల్లు?" అన్నాడు.

ఇంత పెద్దవాడికి ఈ మాత్రం తెలియదా అన్నట్టు టికీ అతన్ని ఎగాదిగా చూసింది. "మా ఊర్లో," అంది.

కిటికీ బయట ముక్కు చీదిన చప్పుడైంది. ఆఫీసరు వంగి, పది అని రాసి, కింద సంతకం పెట్టాడు. సాయంత్రం గంట కొట్టేదాకా ఆ పిల్ల నా మీద నుంచి లేవలేదు.